రివ్యూలో మీ కోడ్‌ని తప్పుపడితే

మాదాపూర్‌లో సాయంత్రం 6 గంటలకి, క్యాబ్ ఎక్కబోతుంటే "ఈ లూప్ ఇలా రాశావేంటి?" అని మీ కోడ్ రివ్యూ చేసే కొలీగ్ నుంచి కామెంట్ వస్తుంది. వెంటనే జవాబు టైప్ చేయకండి. ముందు ఒక ఇరానీ చాయ్ తాగి రండి. నిజంగానే పనిచేస్తుంది.

తర్వాత కామెంట్లు విడదీయండి: ఫలితమే తప్పు అన్నవి, నెమ్మది అన్నవి, ఇష్టాయిష్టాలవి. స్పేసుల గొడవ ఫార్మాటర్‌కి (కోడ్‌ని ఒకే తీరుగా సర్దే టూల్) వదిలేయండి.

"నెమ్మది" అంటే లెక్క వేయండి. 1,00,000 ఫోన్ నంబర్లలో డూప్లికేట్ల కోసం లూప్‌లో లూప్ పెడితే దాదాపు 500 కోట్ల పోలికలు. హ్యాష్ సెట్‌లో (ఒక విలువ ఉందో లేదో దాదాపు ఒక్క చూపులో చెప్పే నిల్వ) వేస్తే లక్ష వెతుకులాటలే, కాకపోతే మెమరీ ఎక్కువ తింటుంది. జాబితా ఎప్పటికీ 50 దాటదంటే మీ లూపే చాలు. ఆ మాట కొలిచిన టైముతో సహా రాయండి. 10 రికార్డులతో చూసి "నా మెషీన్‌లో బాగానే ఉంది" అనే దగ్గరే చాలామంది బోల్తా పడతారు.

"తప్పు" అంటే ఆ తప్పు బయటపడే టెస్ట్ ముందు రాయండి, అది ఫెయిలయ్యాకే దిద్దండి. జావా లైబ్రరీ బైనరీ సెర్చ్‌లోనే (వరుసలో ఉన్న జాబితాని సగాలు చేస్తూ వెతకడం), మధ్య స్థానం కోసం (లో + హై) / 2 అన్న చోట, రెండు కొనల స్థానాల మొత్తం int పట్టగల 2,14,74,83,647 దాటితే మైనస్‌లోకి పోయే బగ్ ఏళ్ల తరబడి దాగుంది, 2006లో అందరికీ తెలిసింది. లో + (హై - లో) / 2 అని రాస్తే పోతుంది.

కామెంట్ పెట్టింది సీనియర్ అయితే "అన్నా, ఏ ఇన్‌పుట్‌కి పగులుతుందో చెప్పవా?" అని అడగండి. మూడు జవాబులకీ తెగకపోతే కుర్చీ లాక్కుని పక్కన కూర్చోండి. తేలింది ఒక లైనులో రాసి ఆ కామెంట్ల థ్రెడ్ మూసేయండి.