హెచ్ఆర్ పాఠానికి ఒక పాత పేస్లిప్

ఎంబీఏ హెచ్ఆర్‌లో 'కాంపెన్సేషన్' (జీతభత్యాల) యూనిట్ ఎన్నిసార్లు చదివినా బుర్రకెక్కడం లేదా? ఇంట్లో అన్నయ్యదో బాబాయిదో పాత పేస్లిప్ ఒకటి అడిగి తీసుకోండి. జీతం చూపించడానికి మొహమాటపడతారు, కాస్త బతిమాలాల్సిందే.

ప్రతి లైను పక్కన పెన్సిల్‌తో 'ఎందుకు?' అని రాయండి. మా అన్నయ్య స్లిప్‌లో బేసిక్ 30,000, పీఎఫ్ కోత 1,800. పీఎఫ్‌కి బేసిక్‌లో పన్నెండు శాతమంటే 3,600 ఉండాలి కదా! కూపీ లాగితే తేలిందేంటంటే, పీఎఫ్ లెక్కకు 2014లో పెట్టిన 15,000 జీతం పరిమితి మీదే వాళ్ల కంపెనీ లెక్క కడుతోంది. కంపెనీ తన వంతుగా వేసే 12 శాతంలోంచి 8.33 శాతం పెన్షన్ ఖాతాకు పోతుందని కూడా అప్పుడే అర్థమైంది. కింద ఉన్న 200 ప్రొఫెషనల్ టాక్స్, అది రాష్ట్ర ప్రభుత్వానిది. పరీక్షలో ఈ ప్రశ్న వస్తే నాకు ఆ కాగితమే కళ్లముందు కనిపించింది.

జాబ్ డిస్క్రిప్షన్, స్పెసిఫికేషన్ దగ్గర తికమకపడేవాళ్లు అమీర్‌పేటలో గోడల మీద 'కావలెను' కాగితాలు చదవండి. 'పార్సిళ్లు ఇచ్చి రావాలి' అన్నది డిస్క్రిప్షన్, అంటే చేయాల్సిన పని. 'టెన్త్ పాస్, సొంత బైకు, లైసెన్సు' స్పెసిఫికేషన్, అంటే ఆ పనికి వచ్చే మనిషికి ఉండాల్సినవి.