పాలసీ మార్చాక బీజీపీ సెషన్ తెగకుండా రీసెట్ చేయడం ఎలా?

రూట్-మ్యాప్ (ఏ రూట్‌ను తీసుకోవాలో, ఎలా మార్చాలో చెప్పే నియమాల జాబితా) మార్చారు, సేవ్ చేశారు. ట్రాఫిక్ మాత్రం పాత దారినే పోతోంది. బీజీపీ (రౌటర్లు ఒకదానికొకటి దారులు చెప్పుకునే ప్రోటోకాల్) మీద కొత్తగా చెయ్యి వేసిన వాళ్లందరికీ ఎదురయ్యేదే ఇది. రౌటర్‌ తప్పేం లేదు. బీజీపీ ఒకసారి చెప్పిన రూట్‌ను మళ్లీ చెప్పదు, ఏదైనా మారితేనే నోరు విప్పుతుంది. పక్క రౌటర్ నుంచి ఎప్పుడో వచ్చిన రూట్లు అప్పటి పాలసీ జల్లెడలోంచి దిగినవి. జల్లెడ మార్చారు సరే, పిండి మళ్లీ పోయాలి కదా.

ఆ పోయడం దగ్గరే గొడవంతా. ఉద్యోగంలో చేరిన కొత్తలో నేను 'క్లియర్ ఐపీ బీజీపీ *' కొట్టాను. ఓఎస్‌పీఎఫ్ (సంస్థ లోపలి దారులకు వాడే మరో ప్రోటోకాల్) ప్రాసెస్‌ను క్లియర్ చేయబోతే సిస్కో రౌటర్ 'నిజంగా చేయమంటారా?' అన్నట్టు ఒకసారి అడుగుతుంది. బీజీపీకి ఆ మర్యాద లేదు. ఎంటర్ కొడితే అంతే. నక్షత్రం అంటే పొరుగు రౌటర్లన్నీ అని అర్థం. టీసీపీ పోర్ట్ 179 మీద నడుస్తున్న సెషన్లన్నీ ఒక్కసారిగా తెగాయి, వాటితో వచ్చిన రూట్లూ పోయాయి. ఇంటర్నెట్ పూర్తి టేబుల్ తీసుకునే రౌటర్ అయితే 9 లక్షలకు పైగా ఐపీవీ4 రూట్లు మళ్లీ మొదటి నుంచి నేర్చుకోవాలి. ఫోన్లు మోగుతుంటే పక్క సీట్లోని సీనియర్ ఒక్క మాటే అన్నారు: "చివర్లో 'ఇన్' అని కొట్టి ఉంటే సరిపోయేది కదయ్యా!"

ఆ చిన్న ముక్క ఎలా వాడాలో సిస్కో రౌటర్ల సాఫ్ట్‌వేర్ ఐఓఎస్ మీద చూద్దాం. మీకు రెండు అప్‌లింకులు ఉన్నాయి. 192.0.2.1 అనే పొరుగు రౌటర్ వైపు నుంచి వచ్చే రూట్లకు లోకల్ ప్రిఫరెన్స్‌ను మామూలు 100 నుంచి 200కి పెంచారు అనుకుందాం. రూట్లలో ఏది మేలో రౌటర్ తేల్చుకునే అంకె ఇది, ఎక్కువున్నదే గెలుస్తుంది.

మొదట దిశ తేల్చుకోండి. మీకు వచ్చే రూట్ల మీద పాలసీ అయితే 'ఇన్', మీరు బయటికి ప్రకటించే రూట్ల మీద అయితే 'ఔట్'. చాలామంది తడబడేది ఇక్కడే. లోకల్ ప్రిఫరెన్స్ పెంచితే మారేది మీ దగ్గర్నుంచి బయటికి వెళ్లే ట్రాఫిక్, కానీ రీసెట్ చేయాల్సింది 'ఇన్'. ట్రాఫిక్ ఎటు పోతుందో కాదు, రూట్ ఎటు నుంచి వచ్చిందో చూడండి.

తర్వాత అవతలి రౌటర్‌కు రూట్ రిఫ్రెష్ (సెషన్ తెంచకుండా రూట్లన్నీ మళ్లీ పంపమని అడిగే వీలు) తెలుసో లేదో చూడాలి:

షో ఐపీ బీజీపీ నైబర్స్ 192.0.2.1

ఇందులో రూట్ రిఫ్రెష్ పక్కన 'అడ్వర్టైజ్డ్ అండ్ రిసీవ్డ్' అని ఉంటే చాలు. 2000లో ఆర్‌ఎఫ్‌సీ 2918గా వచ్చిన సదుపాయం ఇది, ఇప్పటి రౌటర్లలో దాదాపు అన్నింటికీ ఉంటుంది. లేకపోతే 'సాఫ్ట్-రీకన్ఫిగరేషన్ ఇన్‌బౌండ్' పెట్టుకోవాలి. అప్పుడు వచ్చిన రూట్ల అసలు కాపీని మీ రౌటరే దాచుకుంటుంది. మెమరీ బాగా తింటుంది. పైగా ఆ కాపీ నిండాలంటే ఒకసారి సెషన్ తెగక తప్పదు కాబట్టి ఆ పని రాత్రి మెయింటెనెన్స్ విండోలో పెట్టుకోండి.

కమాండ్ కొట్టే ముందు 'షో ఐపీ బీజీపీ సమ్మరీ' అవుట్‌పుట్‌ను నోట్‌ప్యాడ్‌లోకి కాపీ చేసుకోండి. ఇక అసలు కమాండ్:

క్లియర్ ఐపీ బీజీపీ 192.0.2.1 సాఫ్ట్ ఇన్

చివరి రెండు మాటలూ మర్చిపోతే అది హార్డ్ రీసెట్, సెషన్ తెగుతుంది. ఎంటర్ మీద వేలు పెట్టే ముందు లైన్ చివర ఏముందో ఒకసారి చదవండి. ఔట్ పాలసీ మార్చినప్పుడు 'సాఫ్ట్ ఔట్' కొడితే సరి, దానికి అవతలి రౌటర్ సాయం కూడా అక్కర్లేదు.

ఇప్పుడు సమ్మరీ మళ్లీ తీసి నోట్‌ప్యాడ్‌తో పోల్చండి. అప్/డౌన్ కాలమ్‌లో ఇందాక 12 వారాలు ఉంటే ఇప్పుడూ 12 వారాలే ఉండాలి. సున్నా నుంచి లెక్క మొదలైందంటే సెషన్ తెగిందన్నమాట. ఆ తర్వాత ఏదైనా ఒక ప్రిఫిక్స్ (రూట్ చూపించే నెట్‌వర్క్ అడ్రస్) తీసుకుని లోకల్ ప్రిఫరెన్స్ 200 కనిపిస్తోందా, అదే బెస్ట్ అయిందా చూడండి.

ప్రిఫిక్స్‌ల సంఖ్య ధడాల్న సున్నాకు పడిపోతే టెన్షన్ పడొద్దు. ఎక్కువసార్లు కారణం ఒకటే: రూట్-మ్యాప్‌లో ఏ క్లాజ్‌కూ మ్యాచ్ కాని రూట్‌ను రౌటర్ చెప్పాపెట్టకుండా తోసేస్తుంది. చివర్లో ఖాళీ 'పర్మిట్' క్లాజ్ ఒకటి చేర్చి మళ్లీ 'సాఫ్ట్ ఇన్' కొట్టండి. సెషన్ బతికే ఉంది కాబట్టి రూట్లు తిరిగొస్తాయి.

అన్ని రౌటర్లకూ ఈ తంతు అక్కర్లేదు. జూనిపర్ రౌటర్ల జూనోస్, సిస్కోదే మరో సాఫ్ట్‌వేర్ ఐఓఎస్ ఎక్స్ఆర్‌లలో కమిట్ చేయగానే కొత్త పాలసీ దానంతటదే అమలవుతుంది. ఎఫ్ఆర్ఆర్ అనే ఓపెన్ సోర్స్ రూటింగ్ సాఫ్ట్‌వేర్‌లో రూట్-మ్యాప్ మారిస్తే మామూలుగా 5 సెకన్లు ఆగి అదే చూసుకుంటుంది. టైమర్లు మార్చినా, కొత్త అడ్రస్ ఫ్యామిలీ (ఐపీవీ6 లాంటిది) చేర్చినా మాత్రం సాఫ్ట్ రీసెట్ పనికిరాదు. అవి సెషన్ మొదలయ్యేటప్పుడు ఓపెన్ మెసేజ్‌లో రెండు వైపులా ఒప్పుకునే సంగతులు. అప్పుడు హార్డ్ రీసెట్ తప్పదు. అవతలి వాళ్లకు ముందే ఒక మెయిల్ పెట్టి, నక్షత్రం జోలికి పోకుండా ఆ ఒక్క నైబర్ అడ్రస్‌తోనే కొట్టండి.