ఊరి ఫొటో పాఠాలు – 5: గంటస్తంభం దగ్గర ఒక గంట

గత భాగంలో ఫోను తెర మీద వేలు నొక్కి పట్టి ఫోకస్‌ను, వెలుగును మారకుండా ఎలా బిగించాలో చూశాం. అది చేతికి అలవాటయిందనుకుని ముందుకు వెళ్తున్నాను. కాకపోతే వెనక్కి వెళ్లి ఇంకో నాలుగు రోజులు అదే చేయండి. ఈ పాఠం ఎక్కడికీ పోదు.

ఈసారి తిరగడం మానేద్దాం. ఊరి ఫొటోలు తీయాలనగానే చాలామంది కెమెరా మెడలో వేసుకుని కోట దగ్గర మొదలుపెట్టి పెద్ద చెరువు దాకా, అక్కడి నుంచి రైల్వే స్టేషను దాకా నడుస్తూ పోతారు. సాయంత్రానికి కాళ్ల నొప్పులు, కార్డు నిండా జనం వీపులు మిగులుతాయి. నడిచేవాడు జనం వెనకాల పోతాడు కాబట్టి వాడికి దొరికేవి వీపులే. నిలబడ్డవాడి దగ్గరికి జనం ముఖాలతో వస్తారు. అందుకని ఈ వారం అభ్యాసం ఒక గంట సేపు ఒకే చోట నిలబడటం. చోటు కూడా నేనే చెబుతున్నాను: విజయనగరం గంటస్తంభం. శ్రీకాకుళం వాళ్లు ఏడు రోడ్ల కూడలికి వెళ్లవచ్చు; జనానికి అక్కడ లోటు లేదు. కానీ వెలుగు పాఠం మటుకు విజయనగరంలోనే బాగా కుదురుతుంది. ఎందుకో చెబుతాను.

ఎనిమిది పలకలు

ఈ స్తంభాన్ని 1885లో కట్టారు. దీనికి ఎనిమిది పలకలు. మిమ్మల్ని ఇక్కడికి రమ్మన్నది చరిత్ర కోసం కాదు, ఆ పలకల కోసం. గుండ్రటి కట్టడం మీద ఎండ నీడలోకి మెల్లగా జారిపోతుంది, ఎక్కడ మారిందో కంటికి చిక్కదు. నలుపలకల కట్టడమైతే ఒక గోడ ఎండలో, పక్క గోడ నీడలో ఉంటాయి, నడుమ దశలు సరిగా కనిపించవు. ఎనిమిది పలకలైతే ఒక్కో పలక పక్క పలక నుంచి 45 డిగ్రీలు తిరిగి నిలబడుతుంది. వెలుగులోని మెట్లన్నీ పక్కపక్కనే కనిపిస్తాయి. ఇంత మంచి బోధనోపకరణం ఊరి నడిబొడ్డున ఉండగా యూట్యూబులో ఎవరో విదేశీయుడు ప్లాస్టిక్ బంతి మీద దీపం వేసి చూపించేది ఎందుకు?

ఉదయం ఏడున్నర ప్రాంతంలో వెళ్లి, ఆటోలను చూసుకుంటూ, స్తంభం చుట్టూ ఒక్కసారి తిరగండి. సూర్యుడికి ఎదురుగా ఉన్న పలక బాగా వెలుగుతూ ఉంటుంది, కానీ చప్పగా ఉంటుంది. గోడ మీది గీతలు, పూత పెచ్చులు ఏవీ కనిపించవు. ఒక పలక పక్కకు జరగండి. ఎండ ఏటవాలుగా రాసుకుంటూ పోయే ఆ పలక మీద ప్రతి గరుకూ లేచి కనిపిస్తుంది. ఇంకో రెండు పలకలు దాటితే నీడ. అక్కడ రంగులు చల్లబడతాయి, గరుకు మళ్లీ మాయమవుతుంది. ఇప్పుడు పలకల సంగతి వదిలేసి అదే వరుసలో మనుషుల ముఖాలు చూడండి. సూర్యుడికి ఎదురుగా నడిచి వచ్చేవాడు కళ్లు చికిలించుకుని వస్తాడు. పక్క నుంచి ఎండ పడ్డవాడి ముక్కు, చెంప ఎముక, కనుబొమ విడివిడిగా తేలతాయి. నీడలో నిలబడ్డవాడి ముఖం మెత్తగా, ప్రశాంతంగా ఉంటుంది. మీకు ఏ ముఖం కావాలో ముందే తేల్చుకుంటే ఏ పలక పక్కన నిలబడాలో తెలిసిపోతుంది.

కెమెరా ఉన్నవాళ్లకు అంకెలు. మబ్బులేని ఎండలో ఎపర్చరు (లెన్సులో వెలుగు దూరే రంధ్రం) ఎఫ్ 16 పెడితే షట్టర్ వేగం (షట్టరు తెరిచి ఉండే సమయం) ఐఎస్ఓ (వెలుగుకు కెమెరా సున్నితత్వం) అంకెకు విలోమంగా ఉండాలన్నది పాత లెక్క: ఐఎస్ఓ 200 అయితే 1/200 సెకను. దాన్నే ఎఫ్ 8కి మారిస్తే (ఎఫ్ అంకె తగ్గితే రంధ్రం పెద్దదవుతుంది) సుమారు 1/800 వస్తుంది. ఈ లెక్కకు ఎండ బాగా పైకి రావాలి. ఏడున్నర ఎండ ఇంకా మెత్తనిదే కాబట్టి వేగాన్ని ఒక మెట్టు, అంటే సగానికి, తగ్గించి 1/400తో మొదలుపెట్టండి. నీడ పలకకు వచ్చేసరికి వెలుగు ఎనిమిదో వంతుకు పడిపోతుందనుకుని ఆ వేగాన్ని 1/50 దాకా దించవలసి వస్తుంది. కానీ 1/50 దగ్గర నడిచే మనిషి చెదిరిపోతాడు. కాబట్టి వేగాన్ని 1/250 దగ్గర ఆపి, మిగతాది ఐఎస్ఓ పెంచి భర్తీ చేయండి. ఫోను ఉన్నవాళ్లకు ఈ బాధ లేదు, ఈ స్వేచ్ఛా లేదు. చాలా ఫోన్లలో ఎపర్చరు కదలదు, తతిమ్మావి ఫోనే చూసుకుంటుంది.

ఫోనుతో తీసేవాళ్లు ఒక పని మాత్రం తప్పనిసరిగా చేయండి. ముఖాలను నునుపు చేసి తెల్లబరిచే సదుపాయం ఏదైనా సెట్టింగుల్లో ఉంటే ఇప్పుడే ఆపేయండి. గంటస్తంభం దగ్గర పొద్దున్నే కూరల బుట్ట దించుకుంటున్న మనిషి చర్మానికి ఒక రంగు ఉంది, దాని మీద చెమట ఉంది. ఆ రెండూ తీసేశాక మిగిలేది పెళ్లి ఆల్బమ్. ఆటో మోడ్‌లో పెట్టిన ఏ కెమెరా అయినా తాను చూసేదాన్నంతా నడి బూడిదరంగు చేయాలని చూస్తుంది. అందుకే లేత రంగు పూసిన గోడ ముందు మనిషిని నిలబెడితే గోడ మసకబారి, ముఖం నల్లటి ముద్ద అవుతుంది. ముఖం మీద వేలు నొక్కి వెలుగు బిగించండి. గోడ కాస్త తెల్లబోయినా నష్టం లేదు.

ఎండ లెక్క

ఈ భాగం కొందరికి విసుగు. నాకు మాత్రం ఫొటోగ్రఫీలో అన్నిటికన్నా ఇష్టమైనది ఇదే, కాబట్టి భరించండి.

విజయనగరం ఉత్తర అక్షాంశం 18 డిగ్రీల దగ్గర ఉంది. కర్కటరేఖకు దక్షిణాన ఉన్నాం కాబట్టి సూర్యుడు ఏడాదిలో రెండుసార్లు మన నడినెత్తికి వస్తాడు: మే రెండో వారంలో ఒకసారి, జూలై ఆఖరున మరోసారి. ఆ రోజుల్లో పగలు పన్నెండు ప్రాంతంలో కరెంటు స్తంభానికి నీడే ఉండదు. ఆ రెంటికీ నడుమ ఉన్న రెండున్నర నెలలూ మధ్యాహ్నపు సూర్యుడు మనకు ఉత్తరం వైపు ఉంటాడు. మిగతా ఏడాదంతా మధ్యాహ్నం నీడలో ఉండే ఉత్తరపు గోడలకు అప్పుడు మాత్రమే మధ్యాహ్నపు ఎండ తగులుతుంది. మీ వీధిలో ఉత్తరం వైపు అందమైన కిటికీ ఏదైనా ఉంటే, మబ్బు విడిచిన జూన్ మధ్యాహ్నం దానికోసం కాచుకోండి.

డిసెంబరులో సంగతి తలకిందులు. నడిమధ్యాహ్నానికి కూడా సూర్యుడు దక్షిణాన సుమారు 48 డిగ్రీల ఎత్తుకు మించి ఎక్కడు. అదే ఎత్తును మే నెలలో పొద్దున తొమ్మిది గంటలకే దాటేస్తాడు. 'ఎండ ఎక్కకముందే ఫొటోలు తీయాలి' అనే సలహా అందరూ ఇస్తారు కానీ, ఏ నెలలో అన్నది ఎవరూ చెప్పరు. డిసెంబరులో రోజంతా తీయవచ్చు. మేలో తొమ్మిదికి ఇంటికి వచ్చేయడం మేలు, ఫొటోలకూ మీ ఆరోగ్యానికీ.

అరసవల్లి సూర్యనారాయణస్వామి గుడి సంగతి ఈ జిల్లాల వాళ్లకు చెప్పనక్కర్లేదు. మార్చి 9 ప్రాంతంలోనూ మళ్లీ అక్టోబరు మొదట్లోనూ ఉదయపు కిరణాలు గర్భగుడిలోని స్వామిని తాకుతాయి. డిసెంబరు 21కి అటూ ఇటూ సమాన దూరంలో ఉన్న రెండు రోజుల్లో సూర్యుడు తూర్పున ఇంచుమించు ఒకే చోట ఉదయించి, ఒకే దారిలో నడుస్తాడు. మార్చి 9కి అటువైపు జోడీ అక్టోబరు మొదటి వారంలో పడుతుంది. గుడి కట్టినవాళ్లకు తెలిసిన ఈ లెక్క మీ వీధికీ వర్తిస్తుంది. ఫిబ్రవరి 20న ఒక సందులోకి దూరిన ఎండ మీకు నచ్చిందా? కానీ ఆ రోజు సైకిలు అడ్డం వచ్చి ఫొటో చెడిందా? అక్టోబరు 22 ప్రాంతంలో అదే ఎండ అదే సందులోకి మళ్లీ వస్తుంది. అయితే గడియారాన్ని నమ్మకండి. ఆ రెండు రోజులకూ గడియారంలో సుమారు అరగంట తేడా ఉంటుంది. ఫిబ్రవరిలో ఏడింటికి పడిన వెలుగు అక్టోబరులో ఆరున్నరకే పడుతుంది. తేదీ, సమయం రాసుకోనివాళ్లకు ఈ లెక్క ఎందుకూ పనికిరాదు.

నిలబడటం

ముందు మనుషులను చూడకండి. వెనక ఏముందో చూడండి. మూసిన కొట్టు షట్టరు, గోడ మీద సగం చిరిగిన సినిమా పోస్టరు, ఎండ పలకగా పడిన కాస్త నేల, ఏదైనా సరే. ఫ్రేములో అనవసరమైన తీగలు, సగం కోసిన బండ్లు లేకుండా సర్దుకుని, మనిషి రావలసిన చోటును ఖాళీగా వదిలి నిలబడండి. ఆ ఖాళీలోకి ఎవరో ఒకరు వస్తారు. వచ్చినవాళ్లలో ఎక్కువమంది ఆ ఖాళీకి అతకరు. వదిలేయండి.

28 మిల్లీమీటర్ల లెన్సు, ఫుల్‌ఫ్రేమ్ కెమెరా (సెన్సరు 35 మిల్లీమీటర్ల ఫిల్మంత ఉండేది) ఉన్నవాళ్లు ఎఫ్ 8 దగ్గర ఫోకస్‌ను మూడున్నర మీటర్ల దూరానికి పెట్టి వదిలేస్తే రెండు మీటర్ల నుంచి వీధి చివర దాకా అంతా స్పష్టంగానే ఉంటుంది. ఇక కెమెరా ఫోకస్ వెతుక్కునే ఆ అరక్షణం మీది. ఫోనువాళ్లు ఖాళీ నేల మీదే ఫోకస్ బిగించి, శబ్దం పెంచే మీటను షట్టరుగా వాడండి. తెర మీద వేలితో పొడిస్తే ఫోను కదులుతుంది.

మొదటి పావుగంట అందరూ మిమ్మల్నే చూస్తారు. ఆ తర్వాత మీరూ వీధిలో ఒక భాగమైపోతారు. ఎదుటి కొట్టాయన తప్పకుండా అడుగుతాడు: "ఏం బాబూ, ఏ పేపరు?" ఏ పేపరూ కాదని నిజం చెప్పండి. నేర్చుకుంటున్నానని చెబితే ఎవరూ కాదనరు. పైగా ఎక్కడ నిలబడితే బాగుంటుందో ఆయనే సలహా ఇస్తాడు. ఆ సలహా చాలాసార్లు మీ అంచనా కన్నా మెరుగ్గా ఉంటుంది, ఆ కూడలిని రోజూ చూసేది ఆయన కదా. చేయి అడ్డం పెట్టినవాళ్లను తీయకండి. పిల్లలనైతే పెద్దవాళ్లను అడిగి తీయండి. ఇక ముడతల ముఖం ముసలివాళ్లను, గుడి మెట్ల మీది బిచ్చగాళ్లను నలుపు తెలుపులో తీసి 'జీవితం' అని పేరు పెట్టే అలవాటు ఉంటే, ఈ పాఠాలు చదువుతున్నంత కాలం దానికి సెలవు ఇవ్వండి.

వార్త వచ్చిన రోజు

కూడలి అంటే వార్త దిగే చోటు కూడా. తెల్లవారుజామున పేపరు కుర్రాళ్లు పేవ్‌మెంటు మీద కూర్చుని కరపత్రాలు మధ్యలో దూర్చుతూ కట్టలు విడదీసే దృశ్యాన్ని మించిన వార్తా చిత్రం నాకు తెలియదు. పతాక శీర్షిక అర్థమయ్యేంత దగ్గరగా వెళ్లి తీయండి. ఆ రోజు ఏమిటో ఫొటోయే చెబుతుంది.

పెద్ద ఘట్టాలు ఊళ్లోకి చిన్న రూపాల్లో వస్తాయి. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయాయి. పార్వతీపురం వేరయింది, పాలకొండ దానితో వెళ్లింది, అంతవరకు శ్రీకాకుళం జిల్లాలో ఉన్న రాజాం విజయనగరం జిల్లాలోకి వచ్చింది. ఇందులో ఫొటో ఏముంది? సభలు, రిబ్బన్లు పత్రికలవాళ్లు తీస్తారు. రాజాంలో కొట్టు బోర్డు మీద 'శ్రీకాకుళం జిల్లా' అన్న అక్షరాలు మీలాంటివాళ్లే తీయాలి. అవి చెరిగాక మళ్లీ దొరకవు. ఎక్కడైనా పాత బోర్డు ఇంకా మిగిలి ఉంటే ఈ వారమే వెళ్లండి. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు పడిపోయిన చెట్లను అందరూ తీశారు. కరెంటు లేని ఆ రోజుల్లో జనరేటరు ఉన్న చోట ఫోను ఛార్జింగు కోసం గుమిగూడినవాళ్లను ఎంతమంది తీశారు?

విజయనగరం పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవాన్ని ఎలా తీయాలని అడిగిన పాఠకులకు ఇక్కడే సమాధానం. విజయదశమి తర్వాతి మంగళవారం మూడు లాంతర్ల దగ్గరి పైడితల్లి గుడికీ కోటకూ నడుమ సిరిమాను (చివర పూజారి కూర్చునే పొడవాటి మాను) మూడుసార్లు తిరుగుతుంది. మాను చివర కూర్చున్న పూజారిని తలెత్తి తీసిన ఫొటోలు వేలల్లో ఉన్నాయి, అన్నీ ఒకేలా ఉంటాయి: ఆకాశం తెల్లగా, మనిషి నల్లగా. అక్టోబరు సాయంత్రం సూర్యుడు పడమట కిందికి దిగుతూ ఉంటాడు. కాబట్టి పడమరను వెనక పెట్టుకుని నిలబడితే పూజారి మీద ఎండ ఉంటుంది. ఇక జనం విసిరే అరటిపళ్లు. గాలిలో పండు పండులా నిలవాలంటే 1/1000 కావాలి. 1/60 పెడితే పసుపు గీతలు వస్తాయి. నాకు గీతలే ఇష్టం, కానీ ఇంట్లోవాళ్లు పండే కావాలంటారు. సిరిమాను కన్నా ముందు వచ్చే పాలధార, తెల్ల ఏనుగు, అంజలి రథం, బెస్తవారి వల దగ్గర తోపులాట కొంత తక్కువ. కొత్తగా నేర్చుకునేవాళ్లు అక్కడే మొదలుపెట్టండి.

ఈ వారం పని

ఒకే చోట, ఒకే సమయానికి, వారమంతా నిలబడండి. రోజుకు ఒక్క ఫొటో ఉంచుకుని మిగతావి తుడిచేయండి. ఉంచినదాని కింద తేదీ, సమయం, చోటు, మీరు ఏ దిక్కు చూస్తున్నారు, ఆ రోజు పేపరులో మొదటి వార్త ఏమిటి అన్నది రాయండి. 'ఉదయపు అందాలు' లాంటి పేర్లు వద్దు. 'గంటస్తంభం, తూర్పు ముఖం, 7.40, ఉల్లి ధర మళ్లీ పెరిగింది' అని రాస్తే చాలు.

వచ్చే భాగం రాత్రి వెలుగు గురించి. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి కొట్ల దీపాల్లో చాలావాటి వెలుగు సెకనుకు వందసార్లు హెచ్చుతగ్గులవుతుంది. ఫొటోలో నల్లటి అడ్డచారలు పడేది అందుకే. ఈలోగా ఒక సాయంత్రం ట్యూబులైటు కింద షట్టరును 1/100 దగ్గర పెట్టి ఒక ఫొటో, 1/1000 దగ్గర పెట్టి ఒక ఫొటో తీసి, రెండూ దగ్గర ఉంచుకోండి. వాటితోనే మొదలుపెడదాం.