గుమ్మడి, పుచ్చ, కర్బూజ: పెరటి పాదుల్లో పూత నుండి పండు దాకా

పెరట్లో గుమ్మడి జాతి తీగలు పెంచేవారిలో చాలామందికి ఎదురయ్యే నిరాశ ఒకటే. తీగ చక్కగా సాగుతుంది, పువ్వులు విరగబూస్తాయి, పిందెలు మాత్రం వేలెడు పొడవైనా కాకముందే పసుపుబారి రాలిపోతాయి. బలం చాలలేదనుకొని ఎరువు వేస్తారు, తెగులనుకొని మందు చల్లుతారు. చాలా సందర్భాల్లో లోపం నేలలోనూ ఆకులోనూ ఉండదు, పువ్వు విచ్చుకున్న ఆ ఒక్క ఉదయం పుప్పొడి అందకపోవడంలో ఉంటుంది. అందువల్ల విత్తనం, నేల గురించి క్లుప్తంగా చెప్పి, పువ్వు సంగతిని వివరంగా రాస్తాను.

గుమ్మడి, జుకినీ (లేతగా కోసి వండుకునే గుమ్మడి రకం), పుచ్చ, కర్బూజ ఒకే కుటుంబానికి చెందినవి కాబట్టి వాటికి కావలసినవీ దాదాపు ఒకటే: రోజుకు 6 నుండి 8 గంటల ఎండ, వెచ్చని నేల, నీరు నిలవని గుల్ల మట్టి. నేల ఉష్ణోగ్రత 20 డిగ్రీల సెల్సియస్ దాటకముందు విత్తితే గింజ మొలకెత్తకుండా కుళ్లిపోయే ప్రమాదం ఉంది. పుచ్చకు, కర్బూజకు ఇంకొంచెం వేడి ఉంటే మంచిది. రెండడుగుల వెడల్పు, అడుగున్నర లోతు గుంత తీసి, తవ్విన మట్టిలో బాగా మాగిన పశువుల ఎరువును లేదా కంపోస్టును మూడో వంతు కలిపి నింపి, చుట్టూ నేలకన్నా జానెడు ఎత్తుగా పాదు చేసుకోవాలి. పాదుకు నాలుగు గింజలు 2 సెంటీమీటర్ల లోతున నాటి, మొలకలు రెండు మూడు ఆకులు వేశాక బలమైన రెంటిని ఉంచి మిగతావాటిని కత్తెరతో మొదలంటా కత్తిరించాలి. లాగేస్తే పక్క మొలక వేర్లు కూడా కదులుతాయి. ఈ జాతి మొక్కలు వేరు కదిలితే సులభంగా కోలుకోవు కనుక నారు పోసి నాటడం కన్నా నేరుగా విత్తడమే నాకు మేలనిపిస్తుంది. పొదగా పెరిగే జుకినీకి మొక్కల మధ్య మూడడుగుల దూరం చాలు. తీగ గుమ్మడికి ఆరడుగులైనా వదలాలి.

నీరు ఆకుల మీద కాక మొదట్లోనే, పొద్దున్నే పోయాలి. ఎండ నడినెత్తిన ఉన్నప్పుడు పెద్ద ఆకులు వాలిపోవడం చూసి కంగారుపడనవసరం లేదు, సాయంత్రానికి అవే నిలబడతాయి. తెల్లవారేసరికి కూడా వాలి ఉంటేనే వేర్లకు తడి అందడం లేదని అర్థం. నత్రజని అధికమైతే తీగ ముదురాకుపచ్చగా విపరీతంగా సాగి కాపు ఆలస్యమవుతుంది కాబట్టి, పూత మొదలయ్యాక యూరియా వంటివి మానుకోవడం మంచిది.

ఇక పువ్వు. గుమ్మడిలో మగపువ్వులు, ఆడపువ్వులు ఒకే తీగ మీద విడివిడిగా పూస్తాయి. సన్నని పొడవాటి కాడ చివర పూసేది మగపువ్వు. రేకుల కింద గోలీ అంత చిన్న కాయతో కనిపించేది ఆడపువ్వు. సాధారణంగా తొలి వారం పది రోజులు మగపువ్వులే పూస్తాయి. అవి రాలిపోవడం సహజమే గనుక, దాన్ని చూసి తీగ గొడ్డుబోయిందనుకోకూడదు. గుమ్మడి పువ్వు తెల్లవారుజామున విచ్చుకొని మధ్యాహ్నానికి ముడుచుకుపోతుంది. ఆడపువ్వు మళ్లీ విచ్చుకోదు. పుప్పొడి బరువుగా, జిగటగా ఉంటుంది కాబట్టి గాలికి ఎగిరి చేరదు, తేనెటీగలే మోసుకురావాలి. ఒక్క ఈగ ఒక్కసారి వాలితే సరిపోదు, పలుమార్లు వాలాలి. పుప్పొడి అరకొరగా అందిన కాయలో గింజలు సరిగా కట్టవు, అది ఒకవైపు సన్నబడి వంకరగా ఎదుగుతుంది.

తేనెటీగలు కనిపించని పెరట్లో ఆ పని మన చేత్తోనే చేయవచ్చు. సూర్యోదయం తరువాత గంట రెండు గంటల్లోపు అప్పుడే విచ్చుకున్న మగపువ్వును కాడతో సహా కోసి, రేకులు తీసివేసి, మధ్యనున్న పసుపు కేసరాన్ని ఆడపువ్వు మధ్యనున్న కీలాగ్రం (పుప్పొడిని అందుకునే భాగం) తమ్మెలన్నింటికీ మృదువుగా రాయాలి. ఒక ఆడపువ్వుకు రెండు మగపువ్వులు వాడితే ఇంకా నమ్మకం. పుప్పొడి సరిగా అందితే పిందె కొద్ది రోజుల్లోనే నిగనిగలాడుతూ ఊరడం మొదలుపెడుతుంది. పుచ్చకూ ఇదే పద్ధతి. కర్బూజ రకాలలో చాలావాటికి మగపువ్వులతో పాటు ఆడ, మగ భాగాలు రెండూ ఒకే పువ్వులో ఉండే ద్విలింగ పువ్వులు పూస్తాయి. అవి మరీ చిన్నవి కనుక మెత్తని కుంచె వాడాలి.

గుమ్మడి పక్కన నాటితే పుచ్చ చప్పబడుతుందన్న భయం అక్కరలేదు, అవి ఒకదానితో ఒకటి సంకరం కావు. ఒకే జాతి గుమ్మడి రకాలు సంకరమైనా ఈ ఏటి కాయ రుచి మారదు, దాచిన గింజల నుండి వచ్చే తరువాతి పంటే మారుతుంది. అలా సంకరమైన గింజతో పండిన గుమ్మడిగాని జుకినీగాని చేదుగా ఉంటే ఒక్క ముక్క కూడా తినకూడదు. ఆ చేదుకు కారణమైన కుకుర్బిటసిన్లు వాంతులు, విరేచనాలు కలిగిస్తాయి, వండినా పోవు.

పురుగుల్లో మొలక దశలో ఆకులను జల్లెడ చేసే ఎర్రని పెంకు పురుగును పొద్దున్నే, అది మందకొడిగా ఉన్నప్పుడు, ఏరివేయడం తేలిక. వెచ్చని ప్రాంతాల్లో పండు ఈగ లేత కాయ తొక్క కింద గుడ్లు పెడుతుంది కాబట్టి, కాయ కట్టగానే కాగితం సంచి గాని పలుచని గుడ్డ గాని తొడగాలి. పుచ్చిన కాయలను పాదులో వదిలితే వాటిలోని పురుగులు మట్టిలోకి దిగి మళ్లీ ఈగలై వస్తాయి. వేపనూనె పిచికారీ చేయవలసి వస్తే పువ్వులు ముడుచుకున్నాక, సాయంత్రం పూటే చేయాలి. ఉదయం చల్లి తేనెటీగలను దూరం చేసుకుంటే పైన చెప్పిన శ్రమంతా వృథా అవుతుంది. బూడిద తెగులు సోకిన ముదురాకులను తొలిదశలోనే తీసివేయాలి.

పుచ్చ, కర్బూజల తియ్యదనం ఆకులు తయారుచేసే చక్కెర నుండే వస్తుంది. కాబట్టి తీగకు రెండు మూడు కాయలనే ఉంచి, ఆకులను చివరిదాకా ఆరోగ్యంగా కాపాడాలి. పండే చివరి వారం పది రోజులు నీరు తగ్గించాలి. పందిరికి పాకించినప్పుడు కాయను గుడ్డ ఊయలలో ఉంచి కట్టాలి, నేల మీద పెరిగే కాయ కింద గడ్డి పరవాలి.

కోత సమయం ఒక్కోదానికి ఒక్కో తీరు. జుకినీని జానెడు పొడవు దాటకముందే కోయాలి, ఆలస్యం చేస్తే కాయ ముదిరి మొక్క కొత్త పిందెలు వేయడం తగ్గిస్తుంది. కర్బూజలో వలలాంటి తొక్క గల రకాలు పండితే సువాసన వస్తుంది, కొద్దిగా ఒత్తగానే కాయ తొడిమ నుండి విడివడుతుంది. పుచ్చకు తొడిమ దగ్గర మెలితిరిగి ఉండే సన్నని నులితీగ ఎండటం, నేలకు ఆనిన మచ్చ తెలుపు నుండి వెన్న పసుపుకు మారడం గుర్తులు. తట్టి వినే శబ్దం కన్నా ఈ రెండూ నమ్మదగినవి. పుచ్చ కోశాక ఇక తియ్యబడదు కాబట్టి తొందరపడకూడదు. గుమ్మడి తొక్క మీద గోరు దిగకపోతే అది ముదిరినట్టే. నాలుగు వేళ్ల తొడిమ ఉంచి కోసి, పది రోజులు గాలి తగిలే వెచ్చని చోట ఆరబెట్టి, ఆ తరువాత చల్లని పొడి గదిలో ఒకదానికొకటి తగలకుండా పేర్చితే నెలల తరబడి నిలువ ఉంటుంది. తొడిమ విరిగిన కాయ అక్కడి నుండే కుళ్లుతుంది కాబట్టి దాన్ని ముందుగా వాడుకోవాలి.