జపాన్ వాళ్లను పెళ్లి చేసుకుంటే అక్కడ ఉద్యోగం ఎలా వెతకాలి?

నెల్లూరు, ఒంగోలు వైపు అందరూ అడిగేది ఒకటే, "ఏ కంపెనీ వీసా ఇస్తుంది?" అని. మీకు ఆ టెన్షన్ అక్కర్లేదు. స్పౌజ్ వీసా మీద డిగ్రీ లేకపోయినా ఏ ఉద్యోగమైనా చేసుకోవచ్చు, సొంత వ్యాపారమైనా పెట్టుకోవచ్చు.

ముందు మీ భార్యో భర్తో అక్కడి ఇమిగ్రేషన్ ఆఫీసులో సర్టిఫికెట్ ఆఫ్ ఎలిజిబిలిటీకి (వీసాకు ముందు కావాల్సిన అర్హత పత్రం) అప్లై చేయాలి, అది ఇచ్చిన మూడు నెలల్లోపు మీరు జపాన్‌లో దిగాలి కాబట్టి ఇక్కడి పనులన్నీ ముందే చక్కబెట్టుకోండి. ఆ పత్రంతో వీసా తీసుకోవడానికి మనకు జపాన్ కాన్సులేట్ చెన్నైలోనే.

టోక్యో దగ్గరి నరీతా ఎయిర్‌పోర్టులో దిగగానే రెసిడెన్స్ కార్డు ఇస్తారు. దాని ముందువైపే పనికి ఆంక్షలు లేవని జపనీస్‌లో రాసి ఉంటుంది. ఇంటర్వ్యూలో వాళ్లు అడిగేదాకా ఆగకుండా ఆ లైను చూపించండి, విదేశీయుడంటే వీసా తలనొప్పి అనుకునే చిన్న యజమానులకు సగం భయం అక్కడే పోతుంది. ఇల్లు కుదిరాక 14 రోజుల్లో మున్సిపల్ ఆఫీసులో అడ్రస్ రాయించండి.

పని వెతకడానికి హలో వర్క్ అనే ప్రభుత్వ ఉపాధి కార్యాలయం ఉంది, పైసా తీసుకోరు. ఇక్కడ ఏజెంటు లక్షలు అడిగితే దండం పెట్టి వచ్చేయండి. రొయ్యల ప్లాంటులో చేసిన అనుభవం ఉంటే సిగ్గుపడకుండా రాయండి, అక్కడ సీఫుడ్ ఫ్యాక్టరీలకు కొదవ లేదు. భాష మాత్రం ఇంట్లోనే రోజూ మాట్లాడి నేర్చుకోవాలి, వేరే దారి లేదు.

అన్నట్టు, విడాకులైతే 14 రోజుల్లో ఇమిగ్రేషన్‌కు చెప్పాలి.