సంఘంలోకి కుర్ర గుమాస్తాలు రావాలంటే
చెన్నై ప్యారీస్ కార్నర్లో ఇరవై ఏళ్లుగా వకీలు గుమాస్తాని. మా సంఘంలో కుర్రాళ్లను చేర్చాలంటే చందా పుస్తకం పట్టుకెళ్లకండి. వాళ్ల టెన్షన్ తగ్గించే పని ఒకటి నేర్పండి. సాయంత్రం కోర్టు అయ్యాక టీ కొట్టు దగ్గరైనా చాలు.

నేనైతే లిమిటేషన్ లెక్కతో, అంటే అప్పీలు వేయడానికి ఉన్న గడువు లెక్కతో మొదలుపెడతాను. సివిల్ డిక్రీ మీద హైకోర్టులో అప్పీలుకు 90 రోజులు, కింది కోర్టులోనైతే 30. తీర్పు చెప్పిన రోజు లెక్కలోకి రాదు. సర్టిఫైడ్ కాపీకి, అంటే కోర్టు ముద్ర వేసి ఇచ్చే నకలుకు పట్టిన రోజులూ తీసేయాలి. పాత కాపీ ఒకటి చేతికిచ్చి, ముద్రలో అర్జీ పెట్టిన తేదీ, కాపీ సిద్ధమైన తేదీ వేలు పెట్టి చూపించండి. (ఇది చూడక నేను తిన్న తిట్లు సగం తమిళం, సగం తెలుగు.)

ఈ-ఫైలింగ్, అంటే కేసు కాగితాలు ఆన్‌లైన్‌లో దాఖలు చేయడం, ఇంకో రోజు. తమిళం చదవలేని మన నెల్లూరు పిల్లల్ని పక్కనే కూర్చోబెట్టుకోండి. సభ్యత్వ ఫారం మాత్రం రెండో వారమే తీయండి.