ఎగ్జాంపుల్ కోడ్‌ని బిల్డ్‌లో కలపండి, ప్యాకేజీలో కాదు

సాఫ్ట్‌వేర్ లైబ్రరీలు (వేరేవాళ్లు తమ ప్రోగ్రాముల్లో వాడుకునే కోడ్) రాసేవాళ్లకు ఒక మాట. ఎగ్జాంపుల్ కోడ్‌ని రీడ్‌మీలో (ప్రాజెక్టును పరిచయం చేసే ఫైల్‌లో) అతికించి వదిలేయకండి. నల్గొండలో ఇంటి నుంచే ఒక చిన్న లైబ్రరీ నడిపిస్తుంటాను. ఓసారి ఫంక్షన్ పేరు మార్చి రీడ్‌మీ సంగతి మర్చిపోయాను. దేవరకొండ నుంచి ఒక తమ్ముడు ఫోన్ చేసి, "అన్నా, నువ్విచ్చిన ఎగ్జాంపులే కంపైల్ అయితలేదు" అన్నాడు. పరువు పోయింది.

అప్పటి నుంచి ఎగ్జాంపుల్స్‌కి వేరే ఫోల్డర్, కానీ కంపైల్ మాత్రం టెస్టులతో పాటే. రస్ట్ భాషలో ఇది తేలిక. ఎగ్జాంపుల్స్ ఫోల్డర్‌లో పెడితే, రస్ట్ బిల్డ్ టూల్ అయిన కార్గోలో 'కార్గో టెస్ట్' కమాండ్ వాటిని తనంతట తానే కంపైల్ చేస్తుంది, మామూలు కార్గో బిల్డ్ ముట్టుకోదు. గో భాష పద్ధతి నాకు ఇంకా నచ్చుతుంది: టెస్ట్ ఫైల్‌లో ఎగ్జాంపుల్ అని మొదలయ్యే ఫంక్షన్ రాసి, చివర అవుట్‌పుట్ కామెంట్ (రావాల్సిన ఫలితం) పెడితే ఫలితం కూడా సరిచూస్తుంది. డాక్యుమెంటేషన్‌లో కనిపించేదీ అదే కోడ్.

సీ, సీ++ ప్రాజెక్టులకు వాడే బిల్డ్ టూల్ సీమేక్ అయితే, ఎగ్జాంపుల్స్ బిల్డ్ చేయాలా వద్దా అని ఒక ఆప్షన్ పెట్టండి. మీ ప్రాజెక్టునే నేరుగా బిల్డ్ చేస్తే ఆన్, వేరేవాళ్లు తమ ప్రాజెక్టులో కలుపుకుంటే ఆఫ్. మన ఎగ్జాంపుల్స్ కోసం వాళ్ల బిల్డ్ ఎందుకు ఆలస్యం కావాలి?